లౌటోలిం దినపత్రిక... ఒకే ఒక్క ప్రతి

1949. సరిహద్దుకు అవతల భారతదేశానికి స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్ళు కావస్తోంది. ఇవతల గోవాలో ఇంకా పోర్చుగీసు జెండాయే ఎగురుతోంది. లిస్బన్‌లో కూర్చున్న నియంత సలజార్ మాటే ఇక్కడ శాసనం. పత్రికలో ఏ వార్త అచ్చవ్వాలన్నా ముందు సెన్సారు వాళ్ళ కంట పడాల్సిందే. చివరికి పెళ్ళి శుభలేఖలకూ ఆ బెడద తప్పదు. మూడేళ్ళ కిందట, 1946 జూన్ 18న, మడ్గావ్‌లో జనం ముందు మాట్లాడదామని నిలబడిన సోషలిస్టు నాయకుడు రామ్‌మనోహర్ లోహియాను పోలీసులు పట్టుకెళ్ళారు. ఆ తర్వాత ఎంతోమంది జైళ్ళ పాలయ్యారు. నోరు తెరవాలంటే ముందు చుట్టూ చూసుకోవాల్సిన రోజులవి.

ఆ మడ్గావ్‌కు ఓ పది కిలోమీటర్ల దూరంలో లౌటోలిం అని ఒక పల్లె. ఊరివాళ్ళు లొటలి అంటారు. కొబ్బరి చెట్లు, వరి చేలు, ఎర్రరాయితో కట్టిన పెంకుటిళ్ళు, లోకరక్షకుడి పేరున వెలిసిన పాత చర్చి. ఆ ఊళ్ళో తరాల నాటి పెద్ద లోగిలి ఒకటి. పొద్దు గుంకి దీపాలు పెట్టాక, ఆ ఇంట్లో ఓ కుర్రాడు బల్ల ముందు కూర్చుంటాడు. లావుపాటి నోటుపుస్తకం తెరుస్తాడు. పైన తారీఖు వేస్తాడు. ఇక మొదలు. ఆ రోజు బస్సులోంచి ఎవరు దిగారు, ఎవరింట పెళ్ళి చూపులయ్యాయి, ఫాదరుగారు ఎవరి మీద కోప్పడ్డారు, ఎవరు పోయారు, శవయాత్రలో బ్యాండు వాళ్ళు ఎలా వాయించారు... అన్నీ బొమ్మలే. పక్కన రెండు ముక్కల రాత. పేజీ నిండిపోయేదాకా కలం ఆగదు.

అది వార్తల పుటే. దానికి సెన్సారు లేదు. సంపాదకుడు, విలేకరి, చిత్రకారుడు, పాఠకుడు అన్నీ ఒక్కడే. రోజుకు వెలువడేది ఒకే ఒక్క ప్రతి.

ఆ కుర్రాడి పూర్తి పేరు మారియో జొవావ్ కార్లోస్ దో రొజారియో ది బ్రిటో మిరాండా. అంత పేరు ఎవరికీ గుర్తుండనక్కర్లేదు. తర్వాతి అరవై ఏళ్ళూ దేశమంతా ఆయన్ని మారియో అనే పిలిచింది.

కథ గోడ దగ్గర మొదలైంది.

మారియో పుట్టింది 1926 మే 2న, అప్పటికి పోర్చుగీసు వాళ్ళదే అయిన డామన్‌లో. గోవా క్యాథలిక్ కుటుంబం. పిల్లాడి చేతికి ఏది దొరికితే దాంతో గోడలన్నీ గీతలే. పిల్లలు గోడ పాడుచేస్తే మన ఇళ్ళల్లో ఏం జరుగుతుందో మనకు తెలుసు. ముందు ఒక కేక, తర్వాత ఒక దెబ్బ, ఆ మీదట సున్నం. ఈ తల్లి అలా చేయలేదు. ఖాళీ పుస్తకం ఒకటి తెచ్చి పిల్లాడి చేతిలో పెట్టింది. వాడు దానికి ‘డైరీ’ అని పేరు పెట్టుకున్నాడు. గోడ బతికిపోయింది. పిల్లాడికి మాత్రం రోజూ ఓ పేజీ నింపాలన్న అలవాటు పట్టుకుంది. నాకు ఈ సంగతి తెలిసినప్పటి నుంచి, మారియో గురించి ఎవరు అడిగినా ముందు ఆ తల్లి గురించే చెబుతాను. మనం ఆయనకు కట్టబెట్టిన గొప్పతనంలో సగం వాటా ఆమెదే.

బడికి వెళ్ళాక ఈ అలవాటే చిక్కులు తెచ్చింది. కళ్ళముందు నల్లటి, తెల్లటి అంగీల్లో తిరిగే ఫాదర్లను చూసి చూసి బొమ్మలు వేసేవాడు. వాళ్ళ చేతిలో చీవాట్లు తినేవాడు. బెంగళూరు సెయింట్ జోసెఫ్స్‌లో చదువు. తర్వాత బొంబాయి సెయింట్ జేవియర్స్ కాలేజీలో చరిత్ర ప్రధానాంశంగా బీఏ. ఐఏఎస్ వైపు కొన్నాళ్ళు మనసు లాగింది. ఇంట్లో వాళ్ళేమో ఆర్కిటెక్చర్ చదవమన్నారు. చేరాడు. మనసు నిలవలేదు. బొమ్మలు గీయడం ఎవరి దగ్గరా నేర్చుకున్నది లేదు.

డిగ్రీ చేతికొచ్చి, ఉద్యోగం చేతికి రాని రోజులు ఏ ఊళ్ళోనైనా ఒకేలా ఉంటాయి. సెలవులకు వచ్చినట్టే వస్తాం. సెలవులు ఎప్పటికీ అయిపోవు. వీధిలో ఎదురైన ప్రతి పెద్దమనిషీ ఒకటే ప్రశ్న అడుగుతాడు. ఇంతకీ ఏం చేస్తున్నావురా అబ్బాయ్ అని. గోదావరి జిల్లాలోనైనా అదే, కరీంనగర్‌లోనైనా అదే, సాల్సెట్ తాలూకాలోనైనా అదే. 1949, 50, 51 సంవత్సరాల డైరీలు ఇలాంటి తీరిక కాలంలోంచే పుట్టాయి. ఆ మూడేళ్ళూ ఆయన దృష్టిలో ఏమనిపించాయో గానీ, నా దృష్టిలో ఆయన చదివిన అసలు చదువు అదే.

ఆ రోజుల్లో ఒక రోజు ఎలా ఉండేదో చెబుతాను. ఇది ఫలానా తారీఖు అని కాదు. ఆయన బొమ్మల్లో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే మనుషుల్ని, ఆ పల్లెల తీరును ఒకచోట పేర్చి ఒక్కరోజుగా అల్లుతున్నాను.

తెల్లవారుతూనే పొదేర్ వస్తాడు. పొదేర్ అంటే రొట్టెలు కాల్చి అమ్మేవాడు. తలమీద వెదురు బుట్ట, చేతిలో గలగలమనే కర్ర. ఆ చప్పుడుకే వీధి లేస్తుంది. ఆ వెంటనే చర్చి గంట. నల్ల దుస్తుల్లో ముసలమ్మలు ప్రార్థనకు బయల్దేరతారు. కాస్త ఎండెక్కాక చేపల బుట్టతో ఆడమనిషి. ఆమె కేక వీధి ఈ చివర వేస్తే ఆ చివర వంటింట్లో వినిపిస్తుంది. బేరం జరిగే తీరు చూడాలి. కొనే ఆవిడ చేపను వేలితో నొక్కి పెదవి విరుస్తుంది. అమ్మే ఆవిడ బుట్ట ఎత్తేసుకుని వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులు వేస్తుంది. వెనక్కి పిలుస్తారని ఇద్దరికీ తెలుసు. మారియో గీసిన చేపలమ్మే ఆడవాళ్ళందరికీ ఆ నాలుగడుగుల ధీమా నడుములోనే ఉంటుంది. ఒక చెయ్యి బుట్ట మీద, ఇంకో చెయ్యి నడుం మీద. ముఖం చూడకుండానే బేరం ఎవరు గెలుస్తారో చెప్పేయొచ్చు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊరంతా కునుకు. ఎండ దిగాక ఒక్కొక్కరూ బల్కావ్ మీదికి చేరతారు. బల్కావ్ అంటే మరేం కాదు, మన వీధి అరుగే. గుమ్మానికి అటూ ఇటూ కూర్చోడానికి రాతి బెంచీలు కట్టి, పైన చిన్న కప్పు వేస్తారు. ఎదురింటి బల్కావ్‌తో మాట్లాడటానికి గొంతు పెంచితే చాలు. మన ఊళ్ళల్లో అరుగుల మీద ఎన్ని పంచాయితీలు నడిచాయో, ఎన్ని సంబంధాలు కుదిరాయో, ఎన్ని పరువులు గంగలో కలిశాయో అక్కడా అంతే. కిటికీలకు అద్దాల బదులు ఆల్చిప్పలు పలచగా చెక్కి బిగించి ఉంటాయి. వాటి వెనకాల ఎవరైనా నిలబడితే నీడ తెలుస్తుంది, మనిషి తెలియదు. వీధిలో జరిగేది ఆ కిటికీల వెనక నుంచి చూసేవాళ్ళు ఎంతమందో! మారియో తన బొమ్మల్లో ఆ వెనక ఉన్నవాళ్ళనూ వదల్లేదు.

సాయంత్రం బస్సు. ఆ బస్సు గురించి కాసేపు ఆగి చెప్పాలి, ఎందుకంటే మారియో గీసిన గోవా బస్సు బొమ్మ ముందు నేను ఓ పూట గడిపాను. మొదట చూస్తే కిక్కిరిసిన జనం తప్ప ఏమీ కనపడదు. కాస్త నిదానించి చూస్తే ఒక్కొక్కరే విడిపోయి బయటికొస్తారు. కిటికీ పక్కన లావుపాటి పెద్దాయన నిద్రపోతున్నాడు, ఆయన భుజం మీద పరాయి మనిషి తల వాలి ఉంది. ఒక పిల్లాడు ముందు సీట్లో ఉన్నావిడ జడ వైపే చూస్తున్నాడు. ఎవరి ఒళ్ళోనో కోడి. ఎవరి కాళ్ళ కిందో బుట్ట. ఫాదరుగారికి మాత్రం చుట్టూ కాస్త ఖాళీ వదిలారు, అంత ఇరుకులోనూ. ఆ కాస్త ఖాళీలో గోవా పల్లె సమాజం మొత్తం ఉంది. ఎవరికి ఎవరు ఎంత దూరంలో కూర్చోవాలో, ఎవరి ముందు ఎవరు తల వంచాలో చెప్పడానికి చరిత్రకారుడు యాభై పేజీలు రాస్తాడు. మారియో రెండంగుళాల తెల్ల కాగితం వదిలి చెప్పాడు. చరిత్రలో బీఏ ఊరికే పోలేదనిపించింది నాకు.

రాత్రి ఎవరింటి దగ్గరో శిలువ ముందు దీపాలు పెట్టి ప్రార్థన పాటలు. అయ్యాక ఉడకబెట్టిన శనగలు, ఒక గుక్క ఫెనీ సారా. ఇంటికి నడక. మిణుగురులు. దీపం. డైరీ.

ఇదేం వార్త అని అడిగేవాళ్ళుంటారు. నేను ఒప్పుకోను. ఒకప్పుడు పత్రికాఫీసులో జిల్లా వార్తల బల్ల దగ్గర కూర్చునేవాణ్ని. మండలాల నుంచి విలేకరులు కవర్లలో పంపిన కాగితాలు గుట్టలుగా పడేవి. ఫలానా ఊళ్ళో బావిలో ఎద్దు పడింది, ఊరంతా కలిసి తాళ్ళు కట్టి పైకి తీశారు. ఫలానా ఊళ్ళో బడి పైకప్పు వాన వస్తే కారుతోంది, పిల్లలు గొడుగులతో కూర్చుంటున్నారు. రాజధాని వార్త పెద్దది వస్తే ముందు ఎగిరిపోయేవి ఇవే. నా చేత్తోనే ఎన్నిటిని కొట్టేశానో. తెల్లారి ఆ ఎద్దు ఊరి వాళ్ళు ఆ వార్త కోసం పత్రిక తిరగేసి తిరగేసి చూసుకున్నారని ఆ విలేకరి చెబితే చాలా రోజులు మనసు బాధపడింది. వాళ్ళ జీవితంలో ఆ రోజు జరిగిన పెద్ద సంగతి అది. దాన్ని ఎవరో ఒకరు గుర్తించాలి, తారీఖు వేసి దాచాలి. మారియో ఇరవై మూడేళ్ళ వయసులో, ఎవరూ అడక్కుండా, ఎవరూ జీతమివ్వకుండా చేసిన పని అదే. అది కూడా, అచ్చు యంత్రం మీద పరాయి ప్రభుత్వం కూర్చున్న చోట.

ఆ డైరీల్లో రాజకీయం తక్కువ. తర్వాత కూడా ఆయన రాజకీయ వ్యంగ్యం వైపు పెద్దగా మొగ్గలేదు. దీన్ని లోపమనేవాళ్ళతో నేను వాదించను, కానీ ఒక్కటి చెబుతాను. ఒక ఊరి మనుషుల్ని పేరుపేరునా, ముడత ముడతనా గీసి పెట్టినవాడు ఆ ఊరిని ఎవరో వచ్చి చెరిపేయకుండా కాపాడినవాడే. 1961 డిసెంబర్ 19న పోర్చుగీసు పాలన పోయింది. నాలుగున్నర శతాబ్దాల తర్వాత. దాంతోపాటు ఆ అంగీలు, ఆ నాట్యాలు, ఆ భూస్వాముల దర్జా, మధ్యాహ్నపు ఆ కునుకు కూడా నెమ్మదిగా పోయాయి. అవెలా ఉండేవో చూడాలంటే ఇప్పుడు మనకు ఆ పుస్తకాలే గతి.

ఊళ్ళో ఉన్నప్పుడే స్నేహితుల కోసం పోస్టుకార్డుల మీద పల్లె బొమ్మలు గీసిచ్చి చిల్లర డబ్బులు సంపాదించాడు. తర్వాత బొంబాయి. అడ్వర్టైజింగ్ స్టూడియోలో నాలుగేళ్ళు. ఇలస్ట్రేటెడ్ వీక్లీ కొన్ని బొమ్మలు వేసుకుంది. కరెంట్ అనే పత్రికలో పని దొరికింది. మొదట వద్దన్న టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్ళే ఏడాది తిరిగేలోగా పిలిచారు.

అదే సంస్థలో అప్పటికే ఆర్.కె.లక్ష్మణ్ ఉన్నారు. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడటం నాకిష్టం. లక్ష్మణ్ 1951లో సృష్టించిన కామన్ మ్యాన్ ఒంటరివాడు. గళ్ళ కోటు, పంచె, నోరు మెదపడు. దేశంలో జరిగేదంతా ఆ ఒక్క మనిషి కళ్ళతో చూపిస్తారు లక్ష్మణ్. మారియో దగ్గర ఒంటరి మనిషి ఉండడు. ఆయన పేజీ అంటేనే తిరునాళ్ళు. ఎటు చూసినా జనం. ఆ జనంలో మాట్లాడని మనిషి లేడు. మూలన ఒక కుక్క, కరెంటు తీగ మీద కాకి, వాటికీ ఏదో అభిప్రాయం ఉన్నట్టే కనిపిస్తుంది. ఆఫీసులో మిస్ ఫొన్సెకా, ఆమె బాసు గోడ్‌బోలే, సినిమా తార మిస్ నింబూపానీ, మంత్రివర్యులు బండల్‌దాస్. ఎకనమిక్ టైమ్స్, ఫెమినా, వీక్లీ పేజీల్లో వీళ్ళు ఇంటి మనుషులైపోయారు. మహారాష్ట్ర బడిపిల్లలైతే బాలభారతి ఇంగ్లిష్ వాచకాల్లో ఆయన బొమ్మలు చూసే ఏబీసీడీలు దాటారు. బొంబాయి కొలాబాలో కెఫే మొండెగార్ గోడల నిండా ఆయన మనుషులే. చిన్నప్పుడు అమ్మ వద్దన్న గోడ పెద్దయ్యాక ఇలా తిరిగొచ్చింది.

లిస్బన్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ ఉపకారవేతనం మీద పోర్చుగల్ వెళ్ళాడు. అక్కణ్నుంచి లండన్. 1974లో అమెరికా ప్రభుత్వ సమాచార విభాగం పిలిస్తే ఆ దేశమంతా తిరిగి, పీనట్స్ సృష్టికర్త చార్ల్స్ షుల్జ్‌నూ, వాషింగ్టన్ పోస్ట్ కార్టూనిస్టు హెర్‌బ్లాక్‌నూ కలిశాడు. జపాన్, బ్రెజిల్, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్, యుగోస్లావియా... ఇరవైకి పైగా దేశాలు. వెళ్ళిన ప్రతిచోటా స్కెచ్ పుస్తకం నింపాడు. సెలవు, ప్రయాణం, పని అన్న తేడా ఆయనకు లేదు.

ఇక్కడే నాకు ఆయన మీద గౌరవం రెట్టింపయింది. విదేశాలకు వెళ్ళినవాళ్ళు గీసేవి, రాసేవి మనకు తెలుసు. గోపురాలు, వంతెనలు, విగ్రహాలు. మారియో పారిస్ వెళ్ళినా లౌటోలిం కళ్ళతోనే చూశాడు. కెఫే బల్లల దగ్గర ఎవరు ఎవరి వంక చూస్తున్నారు, కుక్కపిల్లను ఎవరు ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు, కావలించుకున్న జంటను చూసీ చూడనట్టు ఎవరు నడిచిపోతున్నారు. ‘జర్మనీ ఇన్ వింటర్‌టైమ్’ అని ఆయన పుస్తకం ఒకటుంది. కొబ్బరి చెట్ల కింద పెరిగినవాడు మంచు దేశం మీద వేసిన బొమ్మలు. చెట్లకు ఆకుల్లేవు, ఊరంతా తెలుపూ నలుపే. కలం, సిరా తప్ప ఏమీ నమ్ముకోని మనిషికి అంతకంటే ఏం కావాలి! ఆ చలిలో బరువైన కోట్లలో ముడుచుకుపోయిన మనుషుల్ని చూస్తే, లౌటోలిం చర్చి నుంచి ప్రార్థనయ్యాక బయటికొచ్చే ముసలమ్మలే గుర్తొచ్చారు నాకు. భుజాలు అలాగే వంగి ఉన్నాయి. అడుగు అలాగే ఆచితూచి పడుతోంది.

మన తెలుగు వైపు నుంచి మారియో ఇంటికి దారులు లేకపోలేదు. ఆయన భార్య హబీబా హైదరీది హైదరాబాద్ కుటుంబం. ఆ ఇంటిపేరు వినగానే నిజాం కాలపు సర్ అక్బర్ హైదరీ గుర్తు రాని హైదరాబాదీ ఉండడు. 1963లో పెళ్ళి. మరో దారి సినిమాది. మన తిరుమలగిరిలో పుట్టి పెరిగిన శ్యామ్ బెనెగళ్ 1985లో ‘త్రికాల్’ తీశారు. గోవా విముక్తికి ముందు రోజుల కథ. దాన్ని చిత్రించింది లౌటోలింలోని ఈ ఇంట్లోనే. అందులో ఇంటి పెద్ద దిక్కైన దోనా మరియాగా నటించిన లీలా నాయుడు తండ్రి డాక్టర్ పత్తిపాటి రామయ్య నాయుడు మదనపల్లె వారు. శాస్త్రవేత్త. ఆ సినిమా చూస్తున్నప్పుడు నా కళ్ళు నటుల మీద నిలవలేదు. ఆ పొడవాటి వసారాలు, ఎత్తైన పైకప్పులు, బరువైన కుర్చీలు. ఈ గదుల్లో ఏదో ఒకదానిలో కూర్చునే కదా, ఆ కుర్రాడు రోజూ తారీఖు వేసుకున్నది అనుకుంటూ వెతుక్కున్నాను.

పేరొచ్చింది. 1988లో పద్మశ్రీ, 2002లో పద్మభూషణ్. బొంబాయిని వదిలి చివరి సంవత్సరాల్లో మళ్ళీ లౌటోలిం చేరాడు. అదే ఇల్లు, చుట్టూ కుక్కలు, హబీబా. 2011 డిసెంబర్ 11న, ఎనభై అయిదేళ్ళ వయసులో, ఆ ఊళ్ళోనే కన్నుమూశాడు. ఆయన కోరుకున్నట్టే మడ్గావ్‌లో దహన సంస్కారం చేశారు. పద్మవిభూషణ్ ఆ మరుసటి ఏడాది వచ్చింది.

మరి ఆ డైరీలు?

దశాబ్దాలపాటు అవి ఇంట్లో పడి ఉన్నాయి. జెరార్డ్ ద కున్యా అనే ఆర్కిటెక్టు మారియో బొమ్మలన్నీ వెతికి పోగుచేయడం మొదలుపెట్టకపోతే మనదాకా వచ్చేవి కావేమో. ఎక్కడెక్కడి పత్రికల్లోనో, ఎవరెవరి ఇళ్ళల్లోనో చెదిరిపోయిన వేలాది బొమ్మల్ని ఆయన ఒక చోటికి చేర్చారు. డైరీలను ‘ద లైఫ్ ఆఫ్ మారియో’ పేరుతో ఏడాదికొక సంపుటంగా పుస్తకాలు వేశారు. 1949. 1950. 1951. కార్టూనిస్టు స్వయంగా ఎవరికీ చూపించాలని గీయని బొమ్మలు. ఒక్క ప్రతి పత్రిక అరవై ఏళ్ళు ఆలస్యంగా అచ్చుకెళ్ళింది.

పుస్తకం బరువుగా ఉంటుంది. ఒళ్ళో పెట్టుకుని చదవాలి. వరసగా చదవనక్కర్లేదని మొదట అనుకున్నాను. అక్కడక్కడా తిరగేస్తే చాలనుకున్నాను. పది పేజీలయ్యాక వరసలో పడిపోయాను. ఎందుకంటే ముందు పేజీలో బల్కావ్ మీద కునుకు తీసిన మనిషి తర్వాత పేజీలో ఏం చేశాడో తెలుసుకోవాలనిపిస్తుంది. ఎవరో అమ్మాయి కనిపిస్తుంది, నాలుగు రోజులు కుర్రాడి గీత హుషారుగా పరుగెడుతుంది, తర్వాత ఆమె కనిపించదు. కారణం రాయడు. విందులు, వేట, కార్నివాల్ రంగులు, వానాకాలపు విసుగు. పేజీలు తిప్పే కొద్దీ ఒక సంగతి కళ్ళకు కట్టింది. మొదట్లో మనుషులు విడివిడిగా నిలబడి ఉంటారు. పోనుపోను దగ్గరికి జరుగుతారు, ఒకరి భుజం ఒకరికి తగులుతుంది, ఒకరి మాట వింటూ ఇంకొకరు నవ్వుతుంటారు. తర్వాత బొంబాయి లోకల్ రైళ్ళను, మంత్రుల సభలను, సినిమా సెట్లను నింపిన ఆ మారియో గుంపు ఇదిగో ఇక్కడ, పని లేని కుర్రాడి చేతికింద, రోజుకు కొంచెం కొంచెంగా తయారవుతోంది.

కిందటిసారి గోవా వెళ్ళినప్పుడు మడ్గావ్‌లో బస్సెక్కి లౌటోలిం దారి పట్టాను. చిన్న బస్సు. కండక్టరు కుర్రాడు తలుపు దగ్గర వేలాడుతూ కొంకణిలో అరుస్తున్నాడు. నాకు సీటు దొరికింది గానీ కాళ్ళకు చోటు దొరకలేదు. పక్కన నిలబడిన పెద్దావిడ ఒక్క మాటా అనకుండా తన బుట్టను నా మోకాళ్ళ కిందకు నెట్టింది. చేపల వాసన. నేను కాళ్ళు పక్కకు జరుపుకున్నాను. ఆమె తృప్తిగా తలాడించింది.

నా చేతికి బొమ్మ రాదు. జేబులో పెన్ను ఉంది. టికెట్టు వెనక చోటు చాలక, చేతిసంచీలో ఉన్న పాత రసీదు వెనక కూడా రాసుకున్నాను. పైన తారీఖు వేశాను. బుట్ట ఆవిడ దిగేటప్పుడు చిల్లర లేదంది, రేపిస్తానంది, కండక్టరు సరేనన్నాడు. బడి పిల్లలు ఏడుగురు, అందరి చొక్కాల మీదా ఒకే రంగు సిరా మరక. డ్రైవరు వెనక సీట్లో ముసలాయన దారిలో కనిపించిన ప్రతి శిలువకూ చెయ్యెత్తి దండం పెట్టాడు, మొత్తం అయిదు. చర్చి ఎదురుగా ఎవరింటికో కొత్తగా నీలం రంగు వేశారు, కిటికీలకు ఆల్చిప్పలు మాత్రం తీయలేదు. ఆ ఇంటి ముందు నుంచి ఒక గోధుమరంగు కుక్క బస్సు వెంట పరుగెత్తింది. మలుపు దాకా వచ్చి ఆగింది. వెనక్కి తిరిగి, ఏమీ జరగనట్టు, నడుచుకుంటూ వెళ్ళిపోయింది.